పైరుకు మందు కన్న పథ్యము మిన్న

నాడి చూచే వైద్యుడు చేనుగట్టున నిలబడి మాట్లాడనేల అని పాఠకులలో కొందరికి సందేహము కలుగవచ్చును. రోగి నా యొద్దకు వచ్చుటకు చాల ముందే అతని రోగము చేనిలోనో, పెరటిలోనో, వంటయింటిలోనో మొదలగుచున్నది. గురుకులములో మా గురువుగారు కల్వము చేతికిచ్చుటకు ముందే మాకు నేర్పిన పాఠము నిదాన పరివర్జనము. అనగా రోగమునకు మూలమైన కారణమును తొలగించుట. దాని వెంట పథ్యము. ఔషధము ఆ తరువాతి మాట. నేటి సేద్యములో ఈ వరుస తలక్రిందులైనది. ఆకుపై పురుగు కనబడగానే మొట్టమొదట సీసా మూత తీయుచున్నారు. కారణమేమిటను విచారణ, పంట నష్టపోయిన తరువాత గాని జరుగుట లేదు.

ప్రకృతిలో ప్రతి పురుగుకు ఒక శత్రువు కలదు. ఆ శత్రువును కాపాడి, కొదువైన చోట పెంచి విడిచి, పంటకు హాని చేయు పురుగును అదుపులో ఉంచు పద్ధతికి జీవనియంత్రణ అని పేరు. ఇది మందు కాదు, పథ్యము అని నా దృఢాభిప్రాయము. మందని తలచి వాడినవారు నిరాశ పడుదురు. పథ్యముగా పాటించినవారు మేలు పొందుదురు. ఈ మాటను మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు ఉదాహరణలతోనే వివరింపదలచినాను.

పురుగునే పెంచు చోట పురుగుమందు ఎట్లు?

2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మూడు ఊళ్ళను కలిపి కట్టినది పట్టుదారము. పల్లెలలో మల్బరీ ఆకు, షెడ్డులో పట్టుపురుగు, హిందూపురం మార్కెట్టులో పట్టుగూడు, ధర్మవరం మగ్గముపై చీర. మన ఇండ్లలో పెండ్లికి కట్టుకొను పట్టుచీర వెనుక ఇంత పరంపర యున్నది. ఇందులో ఒక విశేషమును గమనింపుడు. తక్కిన పంటలలో పురుగు శత్రువు. ఇక్కడ పురుగే పంట. శత్రువును చంపు విషము పంటను కూడ చంపును. పక్క చేనిలో టమాటాకు కొట్టిన మందు గాలికి వచ్చి మల్బరీ ఆకుపై పడినను, ఆ ఆకు మేసిన పురుగులు తట్టలలోనే వాలిపోవును.

ఈ పట్టుపురుగుకు ఊజీ ఈగ అను శత్రువు కలదు. బెంగాలులో ఎప్పటినుండియో ఉన్న ఈ ఈగ, 1980లో అక్కడి నుండి తెచ్చిన పట్టుగూళ్ళతో పాటు కర్ణాటకలో ప్రవేశించి, తరువాత దక్షిణాది పట్టు ప్రాంతములందు వ్యాపించినది. ఆడ ఈగ షెడ్డులోనికి దూరి పట్టుపురుగు దేహముపై గ్రుడ్డు పెట్టును. రెండు మూడు దినములకు గ్రుడ్డు పగిలి, పిల్లపురుగు పట్టుపురుగు శరీరములోనికి తొలుచుకొని పోవును. తొలిచిన చోట నల్లని మచ్చ ఏర్పడును. కొన్ని పురుగులు గూడు కట్టక మునుపే చచ్చును. గూడు కట్టిన తరువాత ఊజీ పురుగు దానిని చిల్లి చేసికొని బయటపడినచో, ఆ గూటి నుండి తెగకుండ దారము తీయుటకు వీలు కాదు. రైతు నెలనాళ్ళ కష్టము చిల్లిగూడై పోవును. వెలుపలికి వచ్చిన ఊజీ పురుగు నేల పగుళ్ళలో దాగి కోశదశను పొంది, సుమారు పది పండ్రెండు దినములకు మరల ఈగయై ఎగురును.

ఇట్టి శత్రువుపై విషము ప్రయోగించుటకు లేదు. అందుచేత శాస్త్రజ్ఞులు దాని శత్రువును వెదకినారు. నెసోలింక్స్ థైమస్ అను అతి చిన్న కందిరీగ జాతి కీటకమును కేంద్ర పట్టుమండలి సంస్థలు పెంచి రైతులకు అందించినవి. చీమ తలకాయంత ఉండు ఈ ప్రాణి మనుష్యులను కుట్టదు. నేలలో దాగిన ఊజీ కోశములను వెదకి, వానిలో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు ఊజీని లోపలనే తినివేయును. ఈగగా మారవలసిన చోటి నుండి కొత్త కందిరీగలు బయటికి వచ్చును. నూరు గ్రుడ్ల పెంపకమునకు, అనగా నూరు పట్టుసీతాకోకలు పెట్టిన గ్రుడ్లకు, సుమారు ఒక లక్ష కందిరీగలను విడువవలెనని సిఫారసు.

అయితే వీనిని విడిచి రైతు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. కిటికీలకు, వాకిళ్ళకు నైలాను వల కట్టవలెను. నల్లమచ్చ పడిన పురుగులను ఏరి నాశనము చేయవలెను. నేల పగుళ్ళు పూడ్చవలెను. కందిరీగలను విడిచిన షెడ్డులో విషము చల్లరాదు. ఊరిలో ఒక్కడు విడిచి పదిమంది విడువకపోయిన ఎడల పక్క షెడ్డులోని ఈగ మరల వచ్చును. చూచితిరా, ఇది అచ్చముగా పథ్యపు లక్షణమే. ఇంటిలో ఒక్కరు మానిన చాలదు; అందరును పాటింపవలెను.

తోడు లేక వచ్చిన పిండినల్లి

మల్బరీకి మరియొక పీడ పిండినల్లి. పిండి చల్లినట్లు తెల్లగా కనబడుచు రసము పీల్చును. మల్బరీని ఆశ్రయించు ఒక రకము వలన చిగుళ్ళు ముడుచుకొని గిడసబారిపోవును. దీనికి క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగును వాడుదురు. ఆస్ట్రేలియా దేశపు ఈ పురుగు మన దేశమునకు 1898లోనే తేబడినది. ఎకరమునకు 250 పురుగులు విడువవలెనని పట్టుపరిశ్రమవారు చెప్పుదురు.

2008లో తమిళనాడు కోయంబత్తూరు ప్రాంతములో బొప్పాయి పిండినల్లి అను కొత్త రకము కనబడినది. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. అక్కడ దానిని అదుపులో ఉంచు శత్రువులు కలరు. ఇక్కడికి అది ఒంటరిగా వచ్చినది, శత్రువులు రాలేదు. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలము, పత్తి ఒకదాని వెంట ఒకటి దెబ్బతిన్నవి. రైతులు మందు మీద మందు కొట్టినారు. పిండినల్లి ఒంటిపై మైనపు పూత ఉండుటచే మందు దానికి సరిగా అంటదు. దానిని తినదగిన స్థానిక పురుగులు మాత్రము ఆ మందుకు చచ్చినవి.

అప్పుడు బెంగుళూరులోని జాతీయ కీటక సంస్థవారు 2010లో అమెరికా వ్యవసాయ శాఖ సహకారముతో ప్యూర్టో రికో నుండి మూడు జాతుల చిన్న కందిరీగలను తెప్పించినారు. వేరే ప్రాణులకు హాని చేయవని మొదట బంధనములో ఉంచి పరీక్షించి, తరువాతనే పొలములలో విడిచినారు. వానిలో అసెరోఫేగస్ అనునది ముఖ్యముగా పని చేసి, కొద్ది నెలలలోనే పిండినల్లిని అణచినది. ఏటేటా కొనవలసిన పని లేకుండ అది అక్కడనే స్థిరపడినది. వైద్య పరిభాషలో చెప్పవలెనన్న, ఇక్కడ రోగమునకు కారణము పిండినల్లి వచ్చుట మాత్రమే కాదు, దాని శత్రువు లేకుండుట. లోపించినదానిని చేర్చగానే సమత్వము తిరిగి వచ్చినది.

వయ్యారిభామ చేయు రెండు హానులు

ఇక మా ఊరి వీధులలో, చేనుగట్లలో, రైలు పట్టాల వెంట తెల్లపూలతో కనబడు వయ్యారిభామ సంగతి. 1955లో పూనాలో గుర్తింపబడిన ఈ విదేశీ కలుపు నేడు దేశమంతటను ఉన్నది. వానలు పడి ఇది పూతకు వచ్చినప్పుడు నా యొద్దకు వచ్చు రోగులలో ముఖము, మెడ, మోచేతి మడతలు, కనురెప్పలు నల్లబడి, దళసరియై, దురదతో నిద్ర లేనివారు తప్పక కనబడుదురు. ఎండలో తిరిగిన ఎడల బాధ హెచ్చగును. కొందరికి తుమ్ములు, ఆయాసము. పైపూతకు తైలమిచ్చి, లోనికి కషాయమిచ్చి పంపవచ్చును. ఇంటి ముందు మొక్క అట్లే యున్నంత కాలము ఆ తైలము చిల్లికుండలో పోసిన నీరే.

అదే మొక్క వేరుశనగకు చేసిన అపకారము మా ప్రాంతపు రైతులకు తెలియును. 2000వ సంవత్సరములో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండము కుళ్ళు తెగులు సోకి సుమారు 2,25,000 హెక్టారుల పైరు దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని లెక్క కట్టినారు. అప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కూడ ఆ జిల్లాలోనివే. ఆ తెగులుకు మూలము ఒక వైరస్. అది వయ్యారిభామలో దాగి యుండును. ఆ మొక్కకు రోగలక్షణమేమియు కనబడదు. దాని పుప్పొడిలో వైరస్ ఉండును. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని వేరుశనగపై వాలి, ఆకును గీరినప్పుడు ఆ గాయము గుండా వైరస్ ప్రవేశించును. రోగమూలము చేనిలో లేదు, గట్టు మీద ఉన్నది. చేనిలో ఎంత మందు చల్లినను గట్టు మీది వయ్యారిభామ చెక్కు చెదరదు.

కావున వేరుశనగ విత్తుటకు ముందే గట్లపై ఈ మొక్కను పూయనీయక పెరికివేయుమనియు, చేని చుట్టు నాలుగు వరుసలు జొన్న గాని సజ్జ గాని వేయుమనియు శాస్త్రజ్ఞులు చెప్పినారు. ఎత్తైన ఆ వరుసలు గాలివాటున వచ్చు తామర పురుగులను అడ్డగించును. నిదాన పరివర్జనమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణ నాకు కనబడలేదు.

వయ్యారిభామను తినుటకు మెక్సికో నుండి జైగోగ్రామా అను పెంకు పురుగును 1983లో బెంగుళూరుకు తెచ్చి, 1984లో విడిచినారు. మీగడ రంగు రెక్కలపై గోధుమ రంగు వంకర గీతలుండు ఈ పురుగు వానకాలములో వయ్యారిభామ ఆకులను, లేత మొగ్గలను తినివేయును. ఒకప్పుడు పొద్దుతిరుగుడు ఆకులపై కూడ ఇది కనబడగా రైతులలో భయము కలిగినది. విచారణ జరిపి, ఆ పంటకు ప్రమాదము లేదని తేల్చినారు. అట్టి విచారణ జరుగుట మంచిదే. అయితే ఈ పురుగు ఎండాకాలములో నేలలో నిద్రించును. మాది వానలు తక్కువైన సీమ. ఏడాదిలో అది మేయు కాలము స్వల్పము. దానినే నమ్ముకొని మనము పెరుకుట మానరాదు.

ఇక్కడ మన వైద్యమునకు చెందిన ఒక మొక్క కూడ సాయపడుచున్నది. చర్మరోగములలో, ముఖ్యముగా తామరలో, మనము వాడు చక్రమర్దము మీకు తెలిసినదే. తెలుగున తగిరిస అందురు. వానలకు ముందు బంజరులందు తగిరిస విత్తనములు చల్లిన ఎడల అది దట్టముగా పెరిగి వయ్యారిభామను లేవనీయదు. చర్మమునకు మందైన మొక్కయే చర్మరోగము తెచ్చు మొక్కను అణచుట చూచి నేను సంతోషించినాను.

వేప యన్నంత మాత్రాన

ఇచ్చట మన పత్రికను చదువు ఆయుర్వేదాభిమానులతో ఒక మాట నిర్మొహమాటముగా చెప్పవలెను. చెట్టు నుండి వచ్చినదంతయు నిరపాయమని మనలో చాలమంది నమ్మకము. అది సరి కాదు. వేపను నేను నిత్యము వాడుచున్నాను. దాని గుణములపై నాకు గౌరవము కలదు. కాని వేపలోని చేదు ద్రవ్యము పురుగులు కుబుసము విడుచు క్రియను చెరచును. పట్టుపురుగు కూడ నాలుగు మారులు కుబుసము విడుచు పురుగే. ఆ దశను మా రైతులు జ్వరము అందురు. వేప ద్రావణము చల్లిన మల్బరీ ఆకును దోషము పోక మునుపే మేపిన ఎడల ఆ జ్వరములలోనే పురుగులు నశించును. పొగాకు కషాయమును పెరటి మొక్కలకు చల్లువారు కలరు. పొగాకులోని విషము మనుష్యుని చర్మము గుండా సైతము లోనికి పోవును. అది ఆకు నుండి వచ్చినదైనను విషమే.

అట్లే విదేశీ ప్రాణి నెల్ల తెచ్చి విడుచుట జీవనియంత్రణ కాదు. 1935లో ఆస్ట్రేలియావారు చెరకు పురుగును తినునని హవాయి నుండి పెద్ద కప్పలను తెచ్చినారు. అవి చెరకు పురుగును వదలి, కనబడిన ప్రాణినెల్ల మ్రింగి, తామే పెద్ద పీడయైనవి. ఏది దేనిని మాత్రమే తినునో తేల్చుకొనక విడుచుట, రోగమును నిర్ణయింపక మందిచ్చుట వంటిది.

మన ప్రాచీనులకు ఇదంతయు తెలియునని గొప్పలు చెప్పుకొనుట కూడ నాకు సమ్మతము కాదు. సురపాలుని వృక్షాయుర్వేదము 1996లో సికింద్రాబాదు నుండి ఆంగ్లానువాదముతో వెలువడినది. చెట్లకు వాత పిత్త కఫ దోషములను చెప్పి చికిత్స విధించిన గ్రంథమది. అందలి దృష్టిని మనము గ్రహింపవలెను. కందిరీగను పెంచు విద్యను మాత్రము నేటి శాస్త్రజ్ఞుని యొద్దనే నేర్చుకొనవలెను. ఇందులో చిన్నతనమేమియు లేదు.

రైతు ప్రశ్నకు సమాధానము

"అయ్యా, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినాను. పురుగు రేపటికి చేనిని తినివేయును. మీ కందిరీగ పదిదినములకు పని చేయునా?" అని రైతు అడిగిన ఎడల నేను అతనిని తప్పు పట్టను. ప్రాణము మీదికి వచ్చినప్పుడు తీక్ష్ణౌషధము వాడక తప్పదు. కాని తీక్ష్ణౌషధమునే అన్నముగా తినరాదు. మందు కొట్టిన ప్రతిసారి శత్రువుతో పాటు మిత్రుడును చచ్చును. శత్రువు త్వరగా పెరుగును, మిత్రుడు ఆలస్యముగా పెరుగును. అందుచే రెండవసారి పురుగు రెట్టింపుగా వచ్చును. ఈ చక్రములో చిక్కినవాని అప్పు తీరదు.

దీనికి మార్గము, పంట వేయకముందే పథ్యము మొదలుపెట్టుట. వేసవి దుక్కి లోతుగా దున్నిన ఎడల ఎర్ర గొంగళి పురుగు కోశములు బయటపడి పక్షుల పాలగును. తొలి వానలకు ఊరంతయు ఒక్కటై దీపపు ఎరలు పెట్టిన తల్లి రెక్కపురుగులు చిక్కును. గట్టున నాటిన ఆముదముపై పొగాకు లద్దె పురుగు గ్రుడ్లు పెట్టును. ఆ ఆకులను త్రుంచివేయవలెను. మొదలుకుళ్ళును ఆపుటకు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా అను మేలు చేయు శిలీంధ్రము కలిపి, తడిపి, నీడలో కొద్దిరోజులు పెంచి భూమిలో వేయవలెను. ఇది పెరుగు తోడు పెట్టుట వంటిదే. సమయమునకు తోడు పెట్టక, తెల్లవారి పెరుగు కావలెనన్న ఎట్లు?

ఇందులో ప్రభుత్వము బాధ్యత కూడ కలదు. కందిరీగ మందు డబ్బా వంటిది కాదు. దుకాణపు అరలో ఏడాది నిలువ ఉండదు. పురుగు దశకు సరిపడు దినమున అందవలెను. వారము ఆలస్యమైన పంపినను పంపనట్లే. హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ కలదు. ప్రతి పట్టణములో పట్టుపరిశ్రమ కార్యాలయము కలదు. మిత్రకీటకముల పెంపకమును పల్లె స్త్రీల సంఘములకు నేర్పి, ఊరిలోనే అందుబాటులో ఉంచిన ఎడల ఆలస్యమునకు తావుండదు. చెన్నేకొత్తపల్లి ప్రాంతములో 1990 నుండి పని చేయుచున్న టింబక్టు కలెక్టివ్ ప్రేరణతో 2008లో ధరణి అను రైతుల సహకార సంఘము ఏర్పడి, విషము లేని వేరుశనగ, చిరుధాన్యములు పండించి అమ్మినది. కలసి చేసిన ఎడల ఈ ఎండు నేలలోనే సాధ్యమని ఇందుచే తెలియుచున్నది.

గృహస్థులు పాటింపదగినవి

1. మందార మొక్కపై పిండినల్లి కనబడగానే మందు తేవద్దు. మొదట నీటిధారతో కడుగుడు. పాడైన కొమ్మను త్రుంచుడు. పిండినల్లుల నడుమ వానికన్న పెద్దదిగా, తెల్లని పోగులతో, చురుకుగా నడచు పురుగున్న ఎడల దానిని నలుపవద్దు. అది క్రిప్టోలీమస్ పిల్ల. పిండినల్లిని తినుటకు వచ్చినది. చాలమంది దీనినే శత్రువనుకొని చంపుచున్నారు.

2. అక్షింతల పురుగులను, సాలెపురుగులను, తూనీగలను పిల్లలకు చూపి, ఇవి మన స్నేహితులని చెప్పుడు.

3. వయ్యారిభామను పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసికొని, వీధివారందరు కలసి పెరుకుడు. దద్దురు, ఉబ్బసము ఉన్నవారు ఆ పనికి పోరాదు.

4. వంకాయకు ఒక పుచ్చు, ఆకుకూరకు రెండు చిల్లులు ఉన్నవని పారవేయకుడు. నిగనిగలాడు కాయనే కోరు మన అలవాటు రైతు చేత అదనముగా మందు కొట్టించుచున్నది. కూరలను పారు నీటిలో బాగుగా కడుగుడు. కడిగినంత మాత్రమున లోనికి ఇంకిన మందు పోదని కూడ గుర్తుంచుకొనుడు.

5. పురుగుమందును వంటయింటిలో గాని, మంచినీళ్ళ సీసాలో గాని ఉంచరాదు. డబ్బాపై ఎర్ర త్రికోణమున్న అది అత్యంత విషము; తరువాతి తీవ్రతలు వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. పొరబాటున ఎవరైన మ్రింగిన ఎడల ఉప్పునీళ్ళు త్రాగించుట, వాంతి చేయించుట వంటి గృహవైద్యములతో కాలము గడపవద్దు. డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. ఇది గృహవైద్య పత్రికయైనను ఈ మాట చెప్పుట నా ధర్మము.

పట్టుచీర మడత విప్పునప్పుడు, వేరుశనగ పచ్చడి నూరునప్పుడు, వాని వెనుక కంటికి ఆనని కందిరీగ శ్రమ కూడ ఉన్నదని మన ఇండ్లలో తెలియవలెను. తెలిసినవారు పుచ్చుకాయకు ధర తగ్గించి అడుగరు, గట్టు మీది కలుపును తమది కాదనరు, సకాలమున కందిరీగలు రాలేదని అధికారులను నిలదీయుటకు వెనుదీయరు. రైతు ఒక్కనికే పథ్యము విధించి తక్కినవారము యథేచ్ఛగా ఉందుమన్న అది చెల్లదు. పంటను తినువారికి కూడ అందులో వంతు కలదు.